గాలుల గెట్టు

అమీర్‌పేటలో మా వాడకు రహస్యం కడుపులో దాచుకునే అలవాటు ఏనాడూ లేదు. ఈ చివర కాంతవ్వ పోపు పెడితే ఆ చివర దర్జీ హనుమాండ్లు అది ఏం కూరో చెప్పేవాడు. ఆ కాంతవ్వ మొగుడు మార్కండేయులుకే రహస్యాలు దాచవలసిన కొలువు దొరికింది. దేవుడికి కూడా అప్పుడప్పుడు పరాచికాలు ఆడాలనిపిస్తుంది కాబోలు.

మేమంతా సిరిసిల్ల దిక్కు నుంచి బతకవచ్చిన నేతవాళ్లం. పొద్దున్నే వాడ పొడుగునా పడుగు దారాలు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఎండబెట్టుకోవడం, ఆ తర్వాత మగ్గం ఎక్కడం, ఇదే మా బతుకు. మార్కండేయులు ఒక్కడు మగ్గం దిగి బేగంపేట విమానాల మైదానం దగ్గరున్న వాతావరణం ఆఫీసులో చేరాడు. ఆ పేరు మా నోట తిరగలేదు. మబ్బును మేము మొగులంటాం, దాన్ని చూసే ఆఫీసు కనుక 'మొగులు దఫ్తర్' అన్నాం. అక్కడ అతని పని బుగ్గలు, అంటే గాలిబూరలు, నింపడం. నోటితో ఊదడం కాదు, ఇనుప సిలిండర్‌లోని గ్యాసుతో. ఆ పెద్ద బుగ్గను ఆకాశంలోకి వదిలితే, సోమయాజులు గారనే గోదావరి వైపు ఆఫీసరు దుర్భిణికి కన్ను ఆనించి అది ఎంత ఎత్తున ఎటు కొట్టుకుపోతున్నదో చూసేవాడు. పైన ఏ గాలి ఎటు వీస్తున్నదీ దాన్నిబట్టి తెలిసేది. "గింత మొగోడు బుగ్గలు ఊదుకుంట బతుకుతుండు" అని వాడంతా నవ్వింది. నవ్వుతూనే, సాయంత్రం అతను చెప్పే ముచ్చట్లు వినడానికి అరుగు మీద పోగయ్యేవాళ్లం.

"గాలంటే ఒక్క తీరుగ ఉండదన్నా" అనేవాడు మార్కండేయులు. "ఏ జాగల మస్తు రోజులు కూసుంటే గా జాగ గుణం పట్టుకుంటది. ఉత్తరాన ఎండిన నేల మీద కూసుంటే పొడిగాలి. సముద్రం మీద కూసుంటే తడిగాలి. గా రెండు ఎదురువడ్డయనుకో, నూనె నీళ్ల లెక్క, కలువయి. నువ్వు జరుగంటే నువ్వు జరుగు అని నూక్కుంటయి. గా నూకులాటల తడిగాలి పైకెక్కుతది. పైన సలికి నీళ్లయితది. ఇంకా పైకి పోతే రాళ్లయితది. గదే వాన, గదే రాళ్లవాన."

ఇంద్రుడు, ఐరావతం అని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. వాన అంటే రెండు గాలుల పంచాయితీ అంటే మాకు నమ్మ బుద్ధి కాలేదు. కానీ చెప్పే తీరు బాగుండేది.

ఆ ముచ్చట్లు యుద్ధంతో ఆగిపోయాయి. ఎండా వానా సర్కారు రహస్యాలయ్యాయి. ఎప్పుడు మొగులు పడుతుందో, ఎప్పుడు తేటగా ఉంటుందో శత్రువు విమానాలకు తెలిస్తే మోసమట. సోమయాజులు గారు ఆఫీసులో అందరి చేతా ఒట్టు వేయించాడు. మార్కండేయులు ఒట్టంటే ప్రాణం పెట్టే మనిషి. ఆనాటి నుంచి నడినెత్తిన ఎండ మండుతుంటే "ఏం మార్కండీ, ఎండ కొడుతున్నదా?" అని మేము ఆటపట్టిస్తే, చెమట తుడుచుకుంటూ "నాకేం ఎర్క?" అనేవాడు. ఒకనాడు కాంతవ్వ "వాన వస్తున్నదేమో సూడు" అంటే తల బయటపెట్టి, తడిసి, లోపలికి వచ్చి నోరు మూసుకొని కూర్చున్నాడు. ఆమెకు ఒళ్లు మండి "నెత్తి మీదికెంచి కారుతుంటే ఇంక దాసేదేందయ్యా!" అని తువ్వాల మొహాన కొట్టింది.

ఇక రాజమణి సంగతి చెప్పాలి. మార్కండేయులు ఇంటికి గోడ అవతల ఇల్లు ఆమెది. మొగుడు లేడు. ఉన్న ఒక్క కొడుకు బిక్షం. వాడికి మగ్గం అబ్బలేదు. హనుమాండ్లు దగ్గర కుట్టుపని నేర్చుకొని, పల్టన్‌కు సిపాయిల బట్టలు కుట్టే దర్జీగా పోయాడు. మద్రాసులో ఓడెక్కి తూర్పు సముద్రం దాటి సింగపూరు చేరాడు. "బిక్షం ఫ్రంట్‌కు పోయిండు" అని వాడంతా చెప్పుకున్నది. ఆ ఫ్రంట్ ఎక్కడుందో, ఎట్లా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. బిక్షం ఉన్న చోటు ఫ్రంట్. మా వాడలో ఆ ఇంగ్లీషు మాటకు అంతకు మించి అర్థం లేదు.

ఆ ఏడు శివరాత్రి రోజుల్లో జపానువాళ్ల చేతిలో సింగపూరు పడిపోయిందన్న వార్త వచ్చింది. "ఊరు పడిపోవుడేందిరా? గోడ పడిపోతది, ఇల్లు పడిపోతది" అని రాజమణి ఇంటింటికీ వచ్చి అడిగింది. ఏం చెబుతాం? చెప్పగలిగినవాడు లేడు, చెప్పే ధైర్యం ఉన్నవాడు అంతకన్నా లేడు. అంతకు ముందు కార్డు ముక్కయినా వచ్చేది, ఆ తర్వాత అదీ లేదు. ఆమె మా ముందు ఏడవలేదు. వారానికొకసారి బిక్షం కుట్టుమిషన్‌కు నూనె మాత్రం పెట్టేది. ఆమెకు సూదిలో దారం ఎక్కించడం తప్ప మరో కుట్టు రాదు. అయినా చక్రం ఒకసారి చేత్తో తిప్పి, తిరుగుతున్నదని చూసుకొని, గుడ్డ కప్పేది.

విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయని తెలిసి వారం తిరగలేదు. ఎండలు ముదిరాయి. సాయంత్రం మార్కండేయులు ఆఫీసు నుంచి బయలుదేరబోతుంటే సోమయాజులు గారు పటం మీద గీత గీస్తూ తనలో తాను అన్నట్టుగా అన్నాడట: "పొద్దున వదిలిన బుగ్గ కింద ఉన్నంతసేపూ పడమటికి పోయింది, పైకెళ్లాక వెనక్కి తిరిగింది. చూశావా? కింద సముద్రపు గాలి, పైన వాయవ్యపు పొడిగాలి. రెంటికీ మధ్య ఫ్రంట్ పడమటి నుంచి కదిలి వస్తోంది. రేపు పొద్దున మన నెత్తి మీదే. రాళ్లు పడ్డా ఆశ్చర్యం లేదు." రెండు గాలులు ఎదురుపడే చోటుకు పుస్తకాల్లో ఉన్న ఆ మాట మొగులు దఫ్తర్‌లోకి కూడా కొత్తగా వచ్చిందే.

మార్కండేయులు వాడలోకి వచ్చేసరికి రాజమణి గుమ్మం ముందు గంజి కాస్తున్నది. పక్కన గంపలో నూలు. ఆ రోజుల్లో నూలు దొరకడమంటే గగనం. ఎవరెవరినో బతిమాలి, ఒక్క పడుగుకు సరిపడా సంపాదించింది. తెల్లారి వాడలో సాగదీయాలి. గంజి తడి మీదున్న దారం మీద రాళ్లవాన పడితే ఇక ఏరుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

పాపం, అతని అవస్థ మనకు తెలుసు. చెబితే ఒట్టు తప్పుతుంది. చెప్పకపోతే ఆమె కూడు పోతుంది. ఇంటి దాకా పోయాడు, మళ్లీ వచ్చాడు. అప్పుడు అతని బుర్రకు ఒక ఉపాయం తట్టింది. వాన అనకుండా, మొగులు అనకుండా, సారు వాడిన ఆ ఇంగ్లీషు మాట అంటే సరి. ఎవరికీ అర్థం కాదు, ఒట్టూ తప్పదు, మనవాడు ఏదో చెబుతున్నాడని ఆమె పడుగు ఆపుకుంటుంది. ఇంత తెలివైన మనిషి మా వాడలో అంతకు ముందు పుట్టలేదని ఆ క్షణంలో అతనికి అనిపించి ఉంటుంది.

"రాజమణక్కా, రేపు పడుగు పెట్టకు" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎందుకురా తమ్మీ?"

"రేపు పొద్దుగాల ఫ్రంట్ మన మీదికే వస్తున్నది. గింతకంటే ఏం అడగకు."

రాజమణి చేతిలోని గరిటె అట్లాగే ఆగిపోయింది. "ఫ్రంటా? ఈడికా?"

"ఈడికే."

"ఎటు దిక్కు నుంచి?"

"పడమటి దిక్కు నుంచి. సారు లెక్క తప్పదక్కా."

ఆమె మొహం చూసి మార్కండేయులు ఆశ్చర్యపోయాడు. శివరాత్రి నుంచి మూసుకున్న ఆ మొహంలోకి వెలుగు వచ్చింది. పడుగు దక్కుతుందని సంబరపడుతున్నదనుకున్నాడు. ఆమె కంట్లో నీళ్లు తిరిగినా అట్లాగే అనుకున్నాడు. ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకున్నాడు.

గోడ ఇవతల కాంతవ్వ చెవులు ఊరికే ఉన్నాయా? దీపాలు పెట్టేవేళకు వాడ వాడంతా గుప్పుమన్నది. జపానువాళ్లు వస్తున్నారు. ఫ్రంట్ పొద్దుగాలకు అమీర్‌పేట చేరుతుంది. చెప్పింది ఎవరో కాదు, విమానాల మైదానం దగ్గర కొలువు చేసే మార్కండేయులు. ఎండ కొడుతున్నదని చెప్పడానికే నోరు విప్పని మనిషి నోరు విప్పాడంటే ఇక అబద్ధమెందుకవుతుంది?

చీకటుండగానే మార్కండేయులు ఆఫీసుకు పోయాడు. తెల్లారేసరికి వాడలో ఒక్క పడుగు లేదు. ఉన్నవన్నీ మూటలే. కుండలు, దుప్పట్లు, కోళ్లు, ముసలమ్మలు అన్నీ వీధిలోకి వచ్చాయి. ఎటు పారిపోవాలో మాత్రం ఎవరికీ తెలియదు. హనుమాండ్లు మిషన్ తలకాయను నెత్తిన పెట్టుకొని, పెళ్లాం ముందు నడుస్తుంటే, రైలెక్కి అత్తగారి ఊరు పోతానని బేగంపేట స్టేషన్ దారి పట్టాడు. "బతికుంటే బలుసాకు" అని మాకు చెప్పి మరీ పోయాడు.

ఇంత గందరగోళంలో రాజమణి ఒక్కతే పొయ్యి ముందు కూర్చుని సర్వపిండి చేస్తున్నది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి, గుండ్రటి గిన్నె లోపలంతా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి సన్నని సెగ మీద కాల్చింది. బిక్షానికి అది అడుగున ఎర్రగా మాడితేనే ఇష్టం. కాంతవ్వ పరుగెత్తుకొచ్చి "నీకేమన్న పిస లేసిందా? పానాలు దక్కించుకొమ్మంటే పిండి ఒత్తుతున్నవు!" అని కేకలేసింది.

"ఫ్రంటొస్తే బిక్షం రాడా?" అన్నది రాజమణి. "వాడున్నదే ఫ్రంట్ల గదనే. అది ఈడికొస్తే వాడు సుత ఈడికే వస్తడు. ఆకలితోని వస్తడు."

మమ్మల్ని భయపెట్టి వీధిలోకి తోలిన ఆ మాట ఆమెకు ఒక్కదానికే కొడుకై వినిపించింది. సర్వపిండి గుడ్డలో చుట్టుకొని, పడమటి దిక్కు కనబడాలని రాజమణి పంజగుట్ట రాళ్ల మీదికి ఎక్కిపోయింది.

ఆ పొద్దు బుగ్గ వదలగానే మొగుల్లో కలిసిపోయింది. ఇక పని లేదని సోమయాజులు గారు పంపించేస్తే మార్కండేయులు సైకిల్ మీద వాడకు వచ్చాడు. మూటల మధ్య నిలబడి సంగతంతా విన్నాడు. "ఫ్రంటంటే అది కాదే!" అని నెత్తి కొట్టుకున్నాడు. అయితే ఏమిటని అడిగితే చెప్పలేడు. అంతలో కాంతవ్వ రాజమణి ఎక్కడికి పోయిందో, ఎందుకు పోయిందో చెప్పింది. అతని మొహం తెల్లబోయింది. పడమటి ఆకాశం అప్పటికే మసి పూసినట్టయింది. సైకిల్ అక్కడే పడేసి గుట్ట వైపు పరుగెత్తాడు.

అన్నిటికన్నా ఎత్తైన బండ మీద రాజమణి కూర్చుని ఉంది. చల్లగాలి విసురుగా కొడుతున్నది. ఒడిలో మూట.

"దిగక్కా! దిగు! పిడుగు వడుతది!"

"ఎందుకు దిగాలెరా? నువ్వే సెప్తివి గద, పడమటి దిక్కని. ఈడికెంచైతే దూరం దాక కనవడుతది. నేను కనవడితే వాడు సుత గుర్తువడతడు."

మొదటి రాయి బండ మీద పడి పగిలింది. మార్కండేయులు ఆమె రెక్క పట్టుకొని కిందికి లాక్కొచ్చాడు. రెండు బండల సందులో మేకలు నిలబడే చోటుంది. అందులో దూరేసరికి రాళ్లవాన విరుచుకుపడింది. చెవులు గింగురుమన్నాయి. అంత చప్పుడులోనూ రాజమణి తల బయటికి పెట్టి దారి వైపే చూస్తున్నది. అది చూడలేకపోయానని మార్కండేయులు తర్వాత మాకు చెప్పాడు. ఒట్టు మాట అప్పుడు అతనికి గుర్తుకు కూడా రాలేదట.

"అక్కా, ఫ్రంటంటే గా ఫ్రంట్ కాదక్కా."

"ఎన్ని ఫ్రంట్లుంటయిరా?"

"సారు గాలికి సుత గదే పేరు పెట్టిండు. ఇటు పొడిగాలి, అటు తడిగాలి. రెండు పొలాల నడుమ గెట్టున్నట్టు, గా రెండు గాలుల నడుమ సుత గెట్టుంటది. గా గెట్టు జరుక్కుంట జరుక్కుంట మన మీదికొచ్చింది. గెట్టు కాడ కొట్లాట లేకుంట ఉంటదా? గదే ఈ రాళ్లవాన. నీ పడుగు ఖరాబైతదని సెప్పిన. గంతే అక్కా. పల్టన్ లేదు, ఏం లేదు."

రాజమణి తల లోపలికి తీసుకున్నది. "గంతేనా" అన్నది చివరికి. మార్కండేయులు మోకాళ్ల మధ్య తల పెట్టుకొని ఏడ్చాడు. పడుగు కాపాడబోయి ఆమె కడుపులో ఆశ రగిలించి, మళ్లీ తన చేతులతోనే నీళ్లు పోశాడు. అతని తప్పు ఏముంది? ఏమీ లేదు. అయినా అతనికి ఏడుపు ఆగలేదు.

"ఏడువకురా. మొగోనివి" అన్నది రాజమణి. కాసేపాగి, "గా తడిగాలి ఏడికెంచి వస్తదంటివి?" అని అడిగింది.

"సముద్రం మీదికెంచి."

"ఏ సముద్రం?"

"తూర్పు సముద్రం అక్కా."

"మా బిక్షం దాటి పోయిన సముద్రమా?"

మార్కండేయులు తల ఎత్తి చూశాడు. "అదే."

"ఏ జాగల కూసుంటే గా జాగ గుణం పట్టుకుంటదని అరుగు మీద నువ్వే సెప్తుంటివి గద."

ఆమె చెయ్యి బయటికి చాపింది. ఒక రాయి అరచేతిలో పడింది. అది కరిగేదాకా గుప్పిట మూసుకొని ఉన్నది. కరిగిన నీళ్లను మొహానికి, మెడకు రాసుకున్నది. ఆ తర్వాత మూట విప్పి సర్వపిండి రెండు ముక్కలు చేసింది. "తిను తమ్మీ. సల్లారితే మంచిగుండదు" అన్నది. బయట వాన పడుతుంటే ఇద్దరూ తిన్నారు. మాడిన అడుగు ముక్క మాత్రం ఆమె మళ్లీ గుడ్డలో కట్టుకున్నది.

ఆ పొద్దు వాడలో ఎవరూ పడుగు పెట్టలేదు కనుక ఎవరి నూలూ పోలేదు. జపాను పుణ్యమా అని మా కూడు దక్కింది. హనుమాండ్లు మధ్యాహ్నానికి తడిసి ముద్దై తిరిగొచ్చాడు. నెత్తిన మిషన్ ఉండబట్టి నెత్తి దక్కిందట, భుజాలు మాత్రం బొప్పులు కట్టాయి. అయితే అతను ఊరికే తిరిగి రాలేదు. పోయేటప్పుడు మొగులు దఫ్తర్ గేటు దగ్గర ఆగి, "ఫ్రంట్ ఎన్ని గంటలకొస్తది సారూ? రైలు దొరుకుతదా?" అని సాక్షాత్తు సోమయాజులు గారినే అడిగి పోయాడు.

మర్నాడు సోమయాజులు గారు మార్కండేయులును పిలిచాడు. "ఏంటయ్యా ఇది? ఊరంతా ఫ్రంట్ ఫ్రంట్ అంటోంది?"

మార్కండేయులు చేతులు కట్టుకొని మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాడు. గుట్ట మీద చెప్పింది కూడా దాచలేదు. కొలువు పోయిందనే అనుకున్నాడు. సోమయాజులు గారు మొదట్లో నవ్వాడు, సర్వపిండి దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపేశాడు. కిటికీలోంచి మైదానం వైపు చూశాడు.

"వాడలో పొక్కింది వాన సంగతి కాదు, అబద్ధం. అబద్ధం చెప్పొద్దని నేను ఒట్టు వేయించలేదు" అన్నాడు. "ఆవిడకి చెప్పింది నేను వినలేదు. పోయి బుగ్గ నింపు."

అబద్ధానికి ఒట్టు అడ్డం కాదన్న ఆ మాటను మార్కండేయులు బాగా గుర్తు పెట్టుకున్నాడు.

రాజమణి పడుగు సాగదీసింది, ఎండబెట్టింది, మగ్గం ఎక్కింది. ఆనాటి నుంచి మార్కండేయులు ఇంటికి వచ్చే వేళకు గుమ్మంలో నిలబడి ఒకటే ప్రశ్న అడిగేది. "తమ్మీ, ఇయ్యాల గాలి ఎటు దిక్కుది?"

"తూర్పుదక్కా" అనేవాడు అతను. ఎండాకాలంలో కొన్నాళ్లు అది నిజమే.

మృగశిర వచ్చింది. వానాకాలపు గాలి పడమటి నుంచి హోరున మొదలైంది. మార్కండేయులు వదిలిన బుగ్గలన్నీ సికింద్రాబాద్ మీదుగా తూర్పుకు కొట్టుకుపోతున్నాయి. వాడలో ప్రతి పొయ్యి పొగా తూర్పుకే వంగుతున్నది. రాజమణి గుమ్మంలో నిలబడితే ఆమె కొంగు కూడా అటే ఎగురుతున్నది.

"తమ్మీ, ఇయ్యాల గాలి ఎటు దిక్కుది?"

మార్కండేయులు సైకిల్ దిగి, ఆమె కళ్లలోకి చూడకుండా చెప్పాడు. "తూర్పుదే అక్కా."

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గాలి చూసుకొని పడుగు పెట్టే మనిషి ఆమె. కళ్లు మూసుకున్నా గాలి ఎటు నుంచి వస్తున్నదో చెప్పగలదు. తలెత్తి తన పొయ్యి పొగ చూసింది. ఎగురుతున్న కొంగును పట్టుకొని నడుముకు దోపుకున్నది.

"అవు తమ్మీ, తూర్పుదే" అన్నది. "జర తడిగ సుత ఉన్నది."

ఆ మాట అని, మిషన్‌కు నూనె పెట్టడానికి లోపలికి పోయింది.